అబ్బా జీపుకి ఏ గేర్ బాక్స్?

గేరు అనే ఇంగ్లీషు మాటకి మా ఉర్దూ మీడియం బడిలో మాస్టర్ సాబ్ చెప్పిన మాట గరారీ. బావి మీద తాడు తిరిగే గిలకా గరారీయే, పళ్ళ చక్రమూ గరారీయే. తరువాత తెలుగు డిగ్రీలో చేరాక దంతచక్రం అని చదువుకున్నాను. ఇన్నేళ్ళ పత్రికా ఉద్యోగంలో ఆ దంతచక్రాన్ని ఒక్కరి నోటా వినలేదు. గరారీ మాత్రం మెకానిక్ షెడ్లలో ఇంకా బతికే ఉంది. షెడ్డు అజీబ్ చోటు. అక్కడ కోయ పిల్లవాడైనా, లంబాడీ పిల్లవాడైనా, మన పిల్లవాడైనా స్పానర్‌ని పానా అంటాడు, పని నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటాడు. ఉర్దూ మన ఇళ్ళలో తగ్గిపోతోందని బాధపడే పెద్దలు ఒకసారి కొత్తగూడెం వైపు షెడ్లు చూసి రావాలి.

పోయిన చలికాలంలో మా ఖాందాన్‌లో రెండు నెలల పాటు ఈ గరారీల గురించే బహస్ నడిచింది. జూలూరుపాడులో ఉన్న మా అబ్బా జీపుకి గేర్ బాక్స్ మార్చాలా, ఉన్నదే బాగు చేయించాలా, లేక జీపే అమ్మేయాలా అని. వినడానికి చిన్న మసలా. కానీ దాంట్లో మా ఆపా రోజీ ఉంది, భాయ్‌జాన్ హక్కు ఉంది, ప్రతి పొద్దున ఆ జీపెక్కి మిర్చి చేలకు పోయే ఆడవాళ్ళ ప్రాణాలున్నాయి. మనలో చాలా ఇళ్ళలో ఇలాంటి పాత బండి, పాత కుట్టు మిషను, పాత దుకాణం ఏదో ఒకటి తర్కాగా మిగిలి ఉంటుంది. అందుకే మేం ఎలా తేల్చుకున్నామో హిసాబ్‌తో సహా రాస్తున్నాను.

ముందు జీపు సంగతి. అది సీజే 3బీ. ఎత్తు బానెట్‌దని మా వైపు అంటారు. అబ్బా బీడీ ఆకు కాంట్రాక్టరు దగ్గర మున్షీగా చేసేవారు. తునికాకు కల్లాల చుట్టూ సైకిల్ మీద తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగాక, ఒక సర్కారీ హర్రాజులో ఆ జీపు పాడుకున్నారు. అప్పుడది పెట్రోలు బండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పొంగినప్పుడు, అబ్బా ఆ జీపులో బియ్యం బస్తాలేసుకుని ముంపు ఊళ్ళ వైపు వెళ్ళారని అమ్మీ ఇప్పటికీ చెబుతుంది. తరువాత పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ప్యూజో డీజిల్ ఇంజను వేయించి, కాయితాల్లో ఎక్కించారు. గేర్ బాక్స్ మాత్రం పాతదే, మూడు గేర్ల టీ-90.

ఈ జీపుల తారీఖ్‌లో మనవాళ్ళ పేరొకటి ఉందని చాలామందికి తెలియదు. 1945లో లూధియానాలో ఈ కంపెనీ మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. మహీంద్రా అన్నదమ్ములు జగదీశ్ చంద్ర, కైలాస్ చంద్రలతో మాలిక్ గులాం మొహమ్మద్‌ది షరాకత్. దేశం తక్సీమ్ అయ్యాక ఆయన పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. 1948లో ఇక్కడి కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ జీపుల్ని బొంబాయిలో విడిభాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. అమెరికాలో విల్లీస్ సీజే 3బీని 1953లో తెచ్చి 1968 దాకా చేసి ఆపేసింది. మన దేశంలో ఆ ఆకారం ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు తయారవుతూనే ఉంది. అలా మన అడవి దారులకు జీపంటే ఆ ఎత్తు బానెట్టే అయిపోయింది.

అబ్బా ఇంతెకాల్ అయ్యాక జీపు తర్కాలోకి వచ్చింది. కఫన్ దఫన్ ఖర్చు, ఆయన కర్జ్‌లు, అమ్మీకి బాకీ ఉన్న మెహర్ తీర్చాక మిగిలిందే తర్కా. అబ్బా వసీయత్ ఏమీ చేయలేదు. వారిసులం నలుగురం. అమ్మీ, భాయ్‌జాన్, నేను, ఆపా. ఫరాయిజ్ హిసాబ్ ప్రకారం పిల్లలున్నారు కాబట్టి అమ్మీకి ఎనిమిదో వంతు. మిగిలింది కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున. మొత్తం నలభై వాటాలు చేస్తే అమ్మీకి 5, భాయ్‌జాన్‌కి 14, నాకు 14, ఆపాకి 7.

అన్నీ కాయితం మీద సాఫ్‌గా ఉన్నాయి. కానీ జీపుని నలభై ముక్కలు చేయలేం కదా. అబ్బా ఉన్నప్పటి నుంచీ దాన్ని నడుపుతున్నది ఆపా కొడుకు, నా భాంజా. ఆపా బేవా అయి తొమ్మిదేళ్ళు. ఆ జీపు మీదే ఇల్లు నడుస్తోంది. మిర్చి ఏరే రోజుల్లో తెల్లవారుఝామున పాపకొల్లు వైపు కూలీలను తీసుకెళ్ళి, మగ్రిబ్ వేళకు దింపడం. వానల్లో రేగడి బురదలో ఆటోలు ఆగిపోతే, జ్వరాల వాళ్ళనీ కాన్పుల వాళ్ళనీ వాగులు దాటించి తారు రోడ్డెక్కించడం. ఆ పనికి ఫోర్ వీల్ ఉన్న బండే కావాలి.

మసలా ఎలా మొదలైందంటే, ఒక రోజు పొద్దున వాగులోకి దిగే వాలులో జీపు రెండో గేరులో ఉండగా గేరు దానంతట అది బయటికి దూకింది. వెనక పదిమంది ఆడవాళ్ళున్నారు. వాలులో గేరు దూకితే ఇంజను పట్టు పోతుంది. బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అల్లా కరమ్, బ్రేకులు పట్టాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం భాంజా నాకు ఫోన్ చేసి, "మామూ, ఇక ఈ డబ్బాతో వద్దు. ఐదు గేర్లది వేసేద్దాం" అన్నాడు. వాడి గొంతు ఇంకా వణుకుతోంది.

అదే వారం భాయ్‌జాన్ ఇంకో కబురు తెచ్చాడు. హైదరాబాద్‌లో పాత జీపులు పోగేసే షౌక్ ఉన్న పెద్దమనిషి ఒకాయన నాలుగు లక్షలు ఇస్తానన్నాడు. షర్త్ ఒక్కటే. గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు పాతవే ఉండాలి, మార్చి ఉంటే వద్దు. నాలుగు లక్షల్ని నలభై వాటాలు చేస్తే వాటాకి పదివేలు. భాయ్‌జాన్‌కి లక్షా నలభై వేలు వస్తాయి. కూతురి కాలేజీ ఫీజు నెత్తి మీద ఉంది. ఆయన అడిగింది తన హక్కే, ఎవరి సొమ్మూ కాదు. ఆపాకి డెబ్బై వేలు వస్తాయి. ఆ డబ్బు ఎన్నాళ్ళు కూర్చుని తినొచ్చో ఆపా ముఖంలోనే తెలిసింది. ఆమె మాత్రం నోరు విప్పి ఏమీ అనలేదు. మన ఇళ్ళలో ఆపాలు హక్కు సంగతి వచ్చినప్పుడు ఇలాగే చాయ్ పెట్టడానికి లేచి వెళ్ళిపోతారు.

నేను ఇద్దరికీ ఒకటే చెప్పాను. అమ్మడమో ఉంచడమో తేల్చే ముందు, ఉంచితే ఆ బండి ఎన్నాళ్ళు మొరాయించకుండా నడుస్తుందో తెలియాలి. అది చెప్పగలిగేది ఉస్తాదే. అబ్బా కాలం నుంచి మా జీపు చూస్తున్న ఉస్తాద్ కొత్తగూడెంలో ఉన్నారు. కళ్ళు కాస్త మందగించినా వేలితో తడిమి గరారీ పన్ను అరుగుదల చెప్పగలరు.

ఉస్తాద్ జీపు చూడక ముందే భాంజాని కూర్చోబెట్టి సవాళ్ళు వేశారు. "బేటా, వారంలో ఎన్ని రోజులు తారు రోడ్డు మీద అరవై దాటి నడుపుతావు?"

"ఒకటో రెండో రోజులు, ఖమ్మం దవాఖానాకి కిరాయి వస్తే."

"మిగతా రోజులు ఏ గేరులో ఎక్కువ ఉంటావు?"

"రెండో గేరులో."

"మరి ఐదో గేరు దేనికి?"

భాంజా నా వైపు చూశాడు. వాడు ఫోన్‌లో అమెరికా వాళ్ళ మజిల్ కార్ల వీడియోలు తెగ చూస్తాడు. అరవైల నాటి పెద్ద పెద్ద వీ8 ఇంజన్ల కార్లకు ఏ మాన్యువల్ గేర్ బాక్స్ మజ్బూత్ అని అక్కడివాళ్ళు గంటల తరబడి కొట్లాడుకుంటారు. బోర్గ్ వార్నర్ టీ-10 అని ఒకరు, ఫోర్డ్ టాప్‌లోడర్ అని ఒకరు, మన్సీ ఎం22 అని ఇంకొకరు. ఇప్పటి రోజుల్లో హైవే మీద హాయిగా పోవాలంటే ట్రెమెక్ ఐదు, ఆరు గేర్ల బాక్సులు వేసుకోమని మరికొందరు. వాడి బుర్రలో ఐదో గేరు అక్కడ మొలిచింది.

ఆ వీడియోల్లో మనకు పనికొచ్చే మాట కూడా ఒకటి ఉంది. మన్సీ అనేది అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఒక ఊరు. జనరల్ మోటార్స్ ఆ ఎం22ని అక్కడే చేసింది. వార్నర్ గేర్ కంపెనీదీ అదే ఊరు. మన జీపుల టీ-90 ఆ వార్నర్ గేర్ వాళ్ళ నమూనాయే. అంటే భాంజా ఫోన్‌లో మురిసిపోతున్న కార్ల గరారీలకూ, వాడు డబ్బా అని తిట్టిన గరారీలకూ పుట్టిల్లు ఒకటే. ఆ ఎం22ని అక్కడివాళ్ళు రాళ్ళు నమిలే బాక్స్ అని పిలుస్తారు. దాని గరారీ పళ్ళ ఏటవాలు తక్కువ, దాదాపు తిన్నగా ఉంటాయి. పన్ను ఏటవాలుగా ఉంటే చప్పుడు తక్కువగా ఉంటుంది కానీ, బరువు పడినప్పుడు గరారీలు షాఫ్ట్ వెంట పక్కకు తోసుకుంటాయి. తిన్నగా ఉంటే ఆ తోపుడు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. ఇది చెప్పగానే ఉస్తాద్ నవ్వి, "మీ జీపు మొదటి గేరూ, రివర్సూ అంతే సాబ్, తిన్నని పళ్ళే. అందుకే ఏడుస్తుంది. ఆ ఏడుపు ఐబ్ కాదు. కొత్తగా మొదలైన ఏడుపు వినాలి" అన్నారు.

తరువాత మూడు దారులూ ఒక్కొక్కటి హిసాబ్ వేశాం.

మొదటిది భాంజా అడిగిన ఐదు గేర్ల బాక్స్. ప్యూజో వంశంలో బీఏ10 అని ఒకటి ఉంది. మహీంద్రా పొడుగు బండ్లలో వచ్చేది. ఐదో గేరు ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజను కన్నా వెనక షాఫ్టే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. హైవే మీద ఇంజనుకి ఆరామ్. కానీ సీజే 3బీ పొట్టి బండి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 80 అంగుళాలే. పొడుగు బాక్స్ పెడితే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టిదైపోయి, దాని జాయింట్లు ఎక్కువ వంపులో తిరుగుతాయి. గుంటల్లో ఎగిరే బండిలో ఆ వంపు జాయింట్లను తినేస్తుంది. పైగా మాకు దొరికిన బాక్స్ టూ వీల్ బండిది. ట్రాన్స్‌ఫర్ కేసు అతకాలంటే ఖరాద్ మీద కొత్త ముక్క చేయించాలి. అన్నీ కలిపి ఎనభై ఐదు వేలు అడిగారు.

ఐదో గేరు వల్ల ఫాయిదా ఎంతో కూడా లెక్క కట్టాం. టీ-90లో టాప్ గేరు ఒకటికి ఒకటి. ఇరుసు నిష్పత్తి 5.38. మా టైర్ల కొలతతో గంటకు అరవై కిలోమీటర్లు పోతుంటే ఇంజను నిమిషానికి దాదాపు 2400 చుట్లు తిరుగుతుంది. ఎనభైకి పోతే 3200. అరవై దగ్గర ఆ డీజిల్‌కి తక్లీఫ్ ఏమీ లేదు. ఎనభైకి పోవలసిన పని ఆ జీపుకి లేదు.

రెండోది నాలుగు గేర్ల కేఎంటీ90. మహీంద్రా కొరియా కియా వాళ్ళ సాంకేతికత తీసుకుని చేసింది. ఎంఎం540 జీపుల్లో నడిచిన బాక్స్. నిజం చెప్పాలంటే నా మనసు మొదట దీని మీదే ఉంది. మూడు గేర్ల బాక్సులో మొదటి గేరు 2.8, రెండోది 1.55. మధ్యలో పెద్ద గ్యాప్. నాలుగు గేర్లుంటే బరువుతో ఎక్కే చోట మనసుకి తగిన గేరు దొరుకుతుంది. బాక్సూ ట్రాన్స్‌ఫర్ కేసూ ఒకే జీపు నుంచి దింపిన సెట్టు దొరికితే వేయొచ్చని ఉస్తాద్ కూడా అన్నారు.

ఆ సెట్టు కోసం నేనూ భాంజా ఒక పెద్ద ఊరి సెకండ్ హ్యాండ్ బజారుకి వెళ్ళాం. ఒక దుకాణంలో నల్ల రంగు తళతళలాడే సెట్టు చూపించి యాభై ఐదు వేలన్నారు. ఉస్తాద్ మాకు చెప్పి పంపిన సబక్ ఇది. రంగు చూడొద్దు. పై మూత విప్పించండి. నూనె ఒంపించి తెల్లగుడ్డ మీద పోసి చూడండి, ఇత్తడి పొడి బంగారు రజనులా మెరిస్తే సింక్రో రింగులు అరిగినట్టు, ఉక్కు పలుకులు తగిలితే పళ్ళు విరిగినట్టు. ముందు షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ కదపండి. గరారీ పక్కనుండే చిన్న పళ్ళు మొనదేలి ఉన్నాయో మొండివయ్యాయో వేలితో చూడండి. బేరింగు కూర్చునే చోట కేసు మీద వెంట్రుకంత గీత ఉందేమో టార్చి వేసి చూడండి. మేం మూత విప్పమంటే దుకాణదారుడు ఖఫా అయ్యాడు. చివరికి విప్పాడు. రంగు కింద, బేరింగు ఇంటి పక్కన వెల్డింగ్ అతుకు కనిపించింది. సలాం చెప్పి వచ్చేశాం. పిల్లలకు ఈ సబక్ నేర్పండి, గేర్ బాక్సులకే కాదు, రిష్తాలకూ పనికొస్తుంది.

మూడో దారి ఉన్న టీ-90నే పూర్తిగా విప్పి బాగు చేయించడం. ఉస్తాద్ బాక్స్ దింపి విప్పారు. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. పోత ఇనుము కేసు ఎక్కడా పగల్లేదు. అడుగున క్లస్టర్ అని ఒక గరారీల గుచ్ఛం ఉంటుంది, నాలుగు గరారీలు ఒకే ముక్కగా. దాని రెండు చివరలా ఉండే థ్రస్ట్ వాషర్లు పల్చబడి, క్లస్టర్ అటూ ఇటూ జరుగుతోంది. రెండో గేరు సింక్రో రింగు నున్నగా అయిపోయింది. గేరుని చోటులో పట్టి ఉంచే చిన్న గోళీ వెనక స్ప్రింగు అలిసిపోయింది. "ఇదీ దూకిన కారణం. గరారీ ఎక్కడా విరగలేదు. పట్టి ఉంచేవి అరిగిపోయాయి, అంతే" అన్నారు ఉస్తాద్.

సింక్రో అంటే తెలియని అక్కచెల్లెళ్ళ కోసం ఒక మాట. వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు ముక్కల్ని కలపాలంటే ముందు ఇద్దరి వేగం ఒకటి కావాలి. ఆ రాజీ కుదిర్చేది ఒక ఇత్తడి కంకణం. ముందు అది రాసుకుని వేగం కలుపుతుంది, తరువాత పళ్ళు కలుస్తాయి. టీ-90లో రెండో గేరుకీ మూడో గేరుకీ ఆ కంకణం ఉంటుంది, మొదటి గేరుకి ఉండదు. అందుకే నడుస్తున్న బండిని మొదటి గేరులోకి దింపాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో యాక్సిలరేటర్ ఇచ్చి కలపాలి. అబ్బాకి ఆ హునర్ ఉండేది. రాకపోతే బండి ఆపి వేసుకోవాలి. వాలులో ఆ ప్రయత్నం అసలు చేయకూడదు.

బాక్స్ బలం మీద భాంజాకి ఇంకా షక్ ఉంది. డీజిల్ ఇంజను దెబ్బలకు పాత బాక్స్ ఆగుతుందా అని. ఉస్తాద్ తరఫున నేనే జవాబు వెతికాను. ఈ టీ-90ని విల్లీస్ వాళ్ళు తమ ఆరు సిలిండర్ల పెద్ద బండ్లలో కూడా వాడారు. రెండో ప్రపంచ యుద్ధం జీపుల్లో ఉన్నది దీనికన్నా బలహీనమైన టీ-84. యుద్ధం అయ్యాక రైతుల కోసం జీపు చేసినప్పుడే దాని చోట ఈ గట్టిదాన్ని పెట్టారు. మన 2112 సీసీ డీజిల్ దీనికి బరువు కాదు. బాక్సుని చంపేది ఇంజను కన్నా ఎక్కువగా నూనె లేకపోవడం, బండి మోయలేనంత బరువు, వాలులో తప్పుడు గేరు.

వాలు సంగతి ఉస్తాద్ నేల మీద సుద్దముక్కతో రాసి చూపించారు. ట్రాన్స్‌ఫర్ కేసులో లో వేస్తే 2.46 రెట్లు. మొదటి గేరు 2.8, ఇరుసు 5.38. మూడూ గుణిస్తే 37. ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. మనిషి నడకంత వేగంతో, బ్రేకు తొక్కకుండా జీపు వాలు దిగుతుంది. ఐదు గేర్ల బాక్స్ కోసం ఎనభై ఐదు వేలు పెట్టబోయిన మాకు, వాలుకి కావలసిన గేరు ఎప్పటి నుంచో పక్కనున్న చిన్న లివర్‌లోనే ఉంది. "వాగు ముందు ఆపు, ముందు చక్రాలు కలుపు, లో వెయ్యి, అప్పుడు దిగు. తారు రోడ్డెక్కాక తీసెయ్యి. ఎండు రోడ్డు మీద ఫోర్ వీల్ ఉంచితే గరారీలు ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి" అని భాంజాతో మూడుసార్లు చెప్పించుకున్నారు.

టీ-90 బాగు చేయడానికి ముప్పై రెండు వేలు తేలింది. విడిభాగాలు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. క్లస్టర్ షాఫ్ట్, వాషర్లు, బేరింగులు, సింక్రో రింగులు, స్ప్రింగులు, సీళ్ళు. "ఇది ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ అరిగినా ఈ షెడ్డులోనే బాగవుతుంది. వేరే బాక్స్ వేస్తే మీ భాంజా ముక్క ముక్కకీ నగరానికి పోవాలి. మిర్చి సీజన్‌లో బండి నాలుగు రోజులు ఆగితే ఆ నాలుగు రోజుల గిరాకీ ఇంకొకరికి పోతుంది" అన్నారు ఉస్తాద్. నేను మజ్బూతీ అంటే ఉక్కు మందం అనుకునేవాణ్ణి కాదు గానీ, బాగు చేసే చెయ్యి ఎంత దగ్గరలో ఉందన్నది కూడా దాంట్లో హిస్సా అని ఆ రోజు సాఫ్‌గా అర్థమైంది.

జుమ్మా నమాజ్ తరువాత అందరం అమ్మీ దగ్గర కూర్చున్నాం. ఈసారి ఆపాని చాయ్ పెట్టనివ్వలేదు, మా బేగం పెట్టింది. నేను హిసాబ్ చదివాను. పాత బాక్సే ఉంచుతున్నాం కాబట్టి ఆ హైదరాబాద్ పెద్దమనిషి షర్త్ కూడా చెడదు, రేపు ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. ఆపాని అడిగాం, నీ మర్జీ ఏమిటని. ఆమె తల ఎత్తకుండానే, "నా ఏడు వాటాలు నాకు పైసల్లో వద్దు. జీపులో ఉంచండి. భాయ్‌జాన్ హక్కు మాత్రం ఒక్క రూపాయి తగ్గకూడదు. నెలకి ఐదు వేలు కడతాం" అంది. లక్షా నలభై వేలు, నెలకి ఐదు వేల చొప్పున 28 నెలలు. భాయ్‌జాన్ చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు డబ్బు ఇప్పుడే కావాలి, అది అబద్ధం కాదు. చివరికి, "జూన్‌లో ఫీజుకి ముందు ఒక యాభై వేలు ఒకేసారి కావాలి, మిగతాది నెలనెలా" అన్నాడు. ఆ యాభై వేలు నేను ఆపాకి కర్జ్-ఎ-హసనా ఇస్తానన్నాను, వీలైనప్పుడు తీర్చమని. అలా ఒప్పుకున్నాం. ఉస్తాద్ ముప్పై రెండు వేలు సగం ఇప్పుడు, సగం మిర్చి సీజన్ తరువాత తీసుకుంటానన్నారు.

నా 14, అమ్మీ 5 వాటాలు ఆపాకి హిబా చేశాం. హిబా అంటే నోటి మాటతో ఊరుకోవడం కాదు. ఇచ్చానని చెప్పాలి, పుచ్చుకునేవాళ్ళు ఖుబూల్ అనాలి, ఖబ్జా అప్పగించాలి. అమ్మీ తన దగ్గర దాచిన జీపు తాళంచెవిని ఆపా చేతిలో పెట్టింది. ఇద్దరు గవాహుల సంతకాలతో కాయితం కూడా రాసుకున్నాం. కూతుళ్ళ హక్కు గురించి జల్సాల్లో ఎన్నో తఖరీర్లు వింటాం. ఆ హక్కుని కాయితం మీద అంకెగా రాసి, ఆమె ముందు పెట్టి, నీకేం కావాలని అడిగే ఇళ్ళు మాత్రం తక్కువ. అడిగి చూడండి. ఆమె చెప్పే జవాబు మనం అనుకున్నట్టు ఉండదు.

ఇప్పుడు ఆ బాకీ అంతా తీరేదాకా గేర్ బాక్స్ ఆగకూడదు. అందుకని ఉస్తాద్ చెప్పిన పాబందీలు భాంజా తన చేత్తో రాసి డ్యాష్‌బోర్డు లోపల అతికించాడు. పాత జీపులున్న వాళ్ళకు పనికొస్తాయని ఇక్కడ కూడా పెడుతున్నాను. తొంభై నంబరు గేరు నూనె, అదీ జీఎల్-4 రకం. కొన్ని జీఎల్-5 నూనెల్లో కలిపే గంధకం మందులు సింక్రో ఇత్తడిని తినేస్తాయి. రెండు వారాలకోసారి బాక్సూ, ట్రాన్స్‌ఫర్ కేసూ రెండింటి నూనె మట్టం చూడాలి. ఈ జీపుల్లో బాక్స్ నూనె మెల్లగా ట్రాన్స్‌ఫర్ కేసులోకి పారిపోతుంది. కింద ఒక్క చుక్క కారకపోయినా పైన ఖాళీ అవుతుంది. వాగులో ఇరుసుల దాకా మునిగితే ఆ వారమే నూనె రంగు చూడాలి, పాలలా తెల్లబడితే నీళ్ళు చేరినట్టు. నడిపేటప్పుడు గేరు రాడ్డు మీద చెయ్యి ఆనించి ఉంచకూడదు, ఆ బరువు లోపలి ఫోర్కుని అరగదీస్తుంది. ఎనిమిదిమందికి మించి ఎక్కించకూడదు.

ఆఖరిది ఉస్తాద్ చెప్పింది కాదు, ఆపా చెప్పింది. పదిమందిని ఎక్కిస్తే రోజుకి ఇంకొంత వస్తుంది కదమ్మీ అని భాంజా అంటే, "ఆ రోజు వాలులో ఉన్న పదిమందికీ ఇళ్ళలో పిల్లలున్నారు" అందట. ఇప్పటికి ఏడు కిస్తులు కట్టారు. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు భాంజా జీపుని వాగు ముందు ఆపి, దిగి, ముందు చక్రాల హబ్బులు చూసుకుని, లో వేసి, మెల్లగా దింపాడు. రెండో గేరు చోటులోనే ఉంది. మొదటి గేరు మాత్రం అబ్బా కాలంలో ఏడ్చినట్టే ఏడుస్తోంది.